ఎలా పాడవుతుందో చెప్పండి

"బండి చూసుకోవడానికి ఆకివీడు నుంచి వస్తన్నారండి. మీరు కూడా ఉంటే బాగుంటదండి" అని రత్నం గారు ఫోను చేశారు.

ఆ బండి మా మేనత్త లారీ. ఆమె పోయాక ఒక వర్షాకాలం గడిచింది. కూతురు ఏలూరులో టీచరు. చేపల లారీ నడిపించడం తన వల్ల కాదు, అమ్మేయమని చెప్పింది. ఆ మాటలో తప్పులేదు. రత్నం గారు ఆ లారీకి డ్రైవరు. లారీతో పాటు ఆయన్ని కూడా ఉంచుకుంటారా, వేరే మనిషిని పెట్టుకుంటారా అన్నది కొనేవాళ్ళ ఇష్టం. ఫోనులో ఆయన ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. కాలేజీ లైబ్రరీలో సెలవు చెప్పి, తాడేపల్లిగూడెంలో బస్సెక్కాను.

అత్తయ్య ఊరు కలిదిండి దాకా చాలాసేపు పడుతుంది. చేతిలో పుస్తకం ఉంది కాని చదవలేదు. భీమవరం దాటాక అటూ ఇటూ చెరువులు మొదలవుతాయి. ఆ గట్లలో ఏదో ఒకదాని మీద పాత లారీ ఆగి ఉంటుంది. దాన్ని చూస్తే నాకు అత్తయ్యే గుర్తుకొస్తుంది.

ఆమె ఎప్పుడు పుట్టింది, ఎవరిని చేసుకుంది, ఎన్ని కష్టాలు పడింది అని వరసగా రాయడం నాకిష్టం లేదు. ఎవరైనా అలా మొదలుపెడితే ఆమే లేచి వెళ్ళిపోయేది. వస్తువుల గురించైనా మనుషుల గురించైనా ఆమె అడిగే ప్రశ్న ఒకటే.

"ఎలా బాగుంటదో వద్దండి. ఎలా పాడవుద్దో చెప్పండి."

మిక్సీ అమ్మేవాడినీ అదే అడిగింది. చర్చికి మైకు సెట్టు తెచ్చిన మనిషినీ పాస్టరు గారి ముందే అదే అడిగింది. నా పెళ్ళి సంబంధం కుదిరేటప్పుడు ఆడపిల్లవారు నా గురించి ఆమెనే వాకబు చేశారు. ఆమె వాళ్ళకి ఇలా చెప్పింది.

"మంచోడేనండి. ఆ మాట ఎవరైనా చెబుతారు. పాడైతే ఎలా ఉంటాడో నేను చెబుతాను వినండి. కోపం వస్తే అరవడు. మాట్లాడ్డం మానేసి పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఓ పూట చూసి పుస్తకం లాగేసుకోమనండి అమ్మాయిని. మళ్ళీ బాగవుతాడు."

నా భార్య ఇప్పటికీ ఆ పద్ధతే పాటిస్తోంది.

ఆమెకు ఇంకొక అలవాటు ఉండేది. ఎవరినైనా గారు అనే పిలిచేది. డ్రైవరు రత్నం ఆమెకు రత్నంగారు. ఐసు పగలగొట్టే మనిషిని ఐసుగారు అనేది. అతని పేరు చాలామందికి తెలియదు, ఆమెకు మాత్రం తెలుసు. అయినా అలాగే పిలిచేది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వుకునేవారు. "అమ్మగారు లారీని కూడా గారు అంటారా అండీ?" అని ఒకాయన అడిగితే, "అది జీతం అడగదు కదండీ, దానికెందుకు?" అంది. ఆమె నోట విని విని నాకూ రత్నం గారు అనడమే అలవాటైంది. ఇప్పుడు వేరేలా అనలేను.

లారీ మా మావయ్య కొన్నది, ముందుకు బోనెట్ పొడుచుకొచ్చిన పాత రకం. దూరాలు వెళ్ళేది కాదు. కైకలూరు వైపు నుంచి చేపల మేత బస్తాలు చెరువుల దగ్గరికి తేవడం, చెరువులో వల వేసి చేప పట్టే పట్టుబడి రోజున గట్టు నుంచి చేపని ప్యాకింగ్ యార్డుకి చేర్చడం, అంతే దాని పని. అత్తయ్యకి డ్రైవింగు రాదు. పట్టుబడి రోజుల్లో మాత్రం రత్నం గారి పక్క సీట్లో, మోకాళ్ళ మధ్య గొడుగు నిలబెట్టుకుని కూర్చునేది. గట్టు మీద దిగగానే ముందు ఇంజను ఆయిలు చూసేది. ఆయిలు కొలిచే పుల్లని బయటికి లాగి, దాని కోసమే ఉంచుకున్న పాత గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసేది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి వాసన చూసేది. చూసేదాన్ని వాసన చూడటమేమిటని మొదట్లో నాకు అర్థం కాలేదు.

ఒక ఏడాది ఆ లారీ ఆయిలు తాగడం మానేసింది. పాత ఇంజన్లు ఎంతో కొంత ఆయిలు కాల్చేస్తాయి, మధ్యమధ్య పోస్తూ ఉండాలి. అలాంటిది కొన్ని వారాలుగా బొట్టు కూడా పోయనక్కర్లేకపోయింది. రత్నం గారికి అది గర్వంగా ఉండేది. కలిదిండి సెంటర్లో టీ కొట్టు దగ్గర మిగతా డ్రైవర్లతో, "మా బండి ఆయిలు ముట్టదండి. నడిపే చెయ్యిని బట్టి ఉంటది" అనేవారు. వాళ్ళు నిజంగానే కుళ్ళుకున్నారు.

ఒక పొద్దున అత్తయ్య పుల్ల తీసి వాసన చూసి, "రత్నంగారూ, ఇలా రండి" అంది.

"ఎందుకండీ?"

"ఇది వాసన చూడండి."

"ఆయిలు వాసనేనండి."

"గీత ఎక్కడుందో చూడండి. ఆయిలు దానికి పైన ఉంది. ఆయిలు తాగని బండి ఉంటే ఉంటదండి. ఆయిలు పెరిగే బండి ఉంటదా?"

రత్నం గారు మళ్ళీ వాసన చూశారు. ఆయిల్లో డీజిల్ కలుస్తోంది.

డీజిల్ ట్యాంకులోంచి ఇంజనుకి తనంతట తాను రాదు. ఒక పంపు కావాలి. పాత లారీల్లో అది ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. ఇంజను తిరిగితే అదీ ఆడుతుంది. లోపల ఒక రబ్బరు పొర కదులుతూ డీజిల్ని ట్యాంకు నుంచి లాగుతుంది. దీన్నే మెకానికల్ పంపు అంటారు. ఆ పొరకి చిల్లు పడితే డీజిల్ కొంచెం కొంచెంగా ఇంజను ఆయిల్లోకి దిగుతుంది. ఆయిలు తగ్గదు సరికదా పెరుగుతుంది, కాని పలచబడిపోతుంది. చూసుకోకపోతే ఒకరోజు ఇంజను బిగుసుకుని పట్టేస్తుంది. రత్నం గారు మురిసిపోయిన వారాలన్నీ ఇంజను అరిగిపోతున్న వారాలే. పొర మార్చారు, ఆయిలు మార్చారు, ఇంజను బతికింది. టీ కొట్టు దగ్గర మాత్రం చాలాకాలం, "ఏం రత్నం, మీ బండి ఆయిలు ఈనుద్దంటగా, మాకో చెంబుడు పంపించు" అనేవారు.

ఆ పంపుకి రబ్బర్లు కొనడానికి అత్తయ్య తాడేపల్లిగూడెం వచ్చేది. పాత పంపుని గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని, బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చేది. ఇల్లంతా డీజిల్ వాసన.

"అత్తయ్యగారూ, ఆ సంచి బయట పెట్టండీ. సాంబారు కూడా డీజిల్ వాసనే వస్తంది" అనేది నా భార్య.

"మంచిదేగా అమ్మా. మీ ఆయన తొందరగా స్టార్టవుతాడు."

భోజనం చేసి ఇద్దరం షాపుకి వెళ్ళేవాళ్ళం. షాపు ఆయన మాటకారి. వెళ్ళిన ప్రతిసారీ ఆమెకు ఎలక్ట్రిక్ పంపు చూపించేవాడు. అది ట్యాంకు పక్కన బిగించేది. తాళం తిప్పగానే బ్యాటరీతో తిరుగుతుంది. డీజిల్ని లాగదు, ట్యాంకు దగ్గర నుంచి ముందుకు తోస్తుంది.

"ఇంకా ఈ పాతదేంటండి అమ్మగారూ! దీన్ని పెట్టెయ్యండి. తాళం తిప్పితే చాలు, డీజిల్ పరిగెత్తుకొస్తది."

"బాగుందండి. ఎలా పాడవుద్ది?"

"పాడవ్వదండి."

"తీగలకి తుప్పు పడితేనో?"

"పట్టదండి."

"చేప ట్రేల్లోంచి ఐసు నీళ్ళు దాని మీదే కారతాయండి. రోజూ కారతాయి."

"ఏం కాదండి అమ్మగారూ. నామీద వదిలెయ్యండి."

ఆమె రబ్బర్లు సంచిలో వేసుకుంది. "ఎలా పాడవుద్దో మీకే తెలియనిది నేనెలా కొంటానండీ?" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే సందేహం అన్నట్టు అంది. ఆయన నా మొహం చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

దారిలో ఆమె నాకు విడమరిచి చెప్పింది. "పాతది చెప్పి పాడవుద్దిరా అబ్బాయ్. ఆయిలు పెరుగుద్ది, వాసన వస్తది, స్టార్టింగు లేటవుద్ది. చూసుకునే మనిషి ఉంటే టైమిస్తది. ఈ కరెంటుది చెప్పాపెట్టకుండా ఆగిపోద్ది. గట్టు మీద చేపతో ఆగితే ఎవర్ని అడుగుతాం?"

ఆమె అభిప్రాయం చాలా ఏళ్ళు అదే. రత్నం గారిదీ అదే. ఆ విషయంలో ఇద్దరూ ఒక పార్టీ.

ఒక శీతాకాలం పట్టుబడికి నన్నూ రమ్మంది. తెల్లారేసరికి గట్టు మీద ఉన్నాం. వలవాళ్ళు అప్పటికే నీళ్ళలో దిగి వల దగ్గరికి లాగుతున్నారు. ఒడ్డున ఐసు దిమ్మలు పగలగొడుతున్నారు. గట్టు మీదికి ఎక్కే దారి వాలుగా ఉంటుంది. లారీ ముందు భాగం ఎత్తులో, ట్యాంకు పల్లంలో ఉండేలా ఆపాలి, వేరే దారి లేదు. సగం ట్రేలు ఎక్కించాక లారీని కొంచెం ముందుకి జరపాల్సి వచ్చింది. ఇంజను అందుకుని, వెంటనే ఆగిపోయింది. పైపులో డీజిల్ వెనక్కి జారి గాలి పట్టింది.

పాత పంపుతో ఇది మామూలే. బోనెట్ ఎత్తి, ఫిల్టరు దగ్గర ఒక బోల్టు వదులు చేసి, ఇంజను పక్కనుంచి చెయ్యి లోపలికి చాపి, పంపుకున్న చిన్న మీటని కొడుతూ ఉండాలి. నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా కొట్టి బోల్టు బిగిస్తే సరిపోతుంది. రత్నం గారు అంతకుముందు ఆ పని మాట్లాడుతూనే చేసేసేవారు. ఆ రోజు మాత్రం మా అందరికీ వీపు పెట్టి, బంపరు మీద ఎక్కి, ఎటు నుంచో వంకరగా వంగి, ఎడం చెయ్యి లోపలికి దూర్చారు. అందడం లేదు. దిగి, అటు తిరిగి, మళ్ళీ ఎక్కారు.

చేప కొన్న వ్యాపారి మనిషి ఐసు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏవండీ, ఐసు కరిగిపోతందండీ! మీ డ్రైవరు ఇంజనుకి జడేస్తన్నాడా?" అని అరిచాడు. వలవాళ్ళు నవ్వారు. అతను అత్తయ్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దోడైపోయాడండి అమ్మగారూ. మా కుర్రోడు ఒకడున్నాడు, బండి బాగా చూసుకుంటాడు. రేపే పంపమంటారా?"

"చెబుతానండి" అంది అత్తయ్య. ఆమె చూపు బోనెట్ దగ్గరే ఉంది.

చివరికి ఇంజను అందుకుంది. యార్డులో చేప దిగుతుంటే మేమిద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. రత్నం గారు దూరంగా ట్రేలు లెక్క చెప్పించుకుంటున్నారు.

"రత్నంగారు తువ్వాలు ఏ భుజం మీద వేసుకుంటారు?" అని అడిగింది.

నేను చూశాను. "కుడి భుజం మీద ఉంది."

"ఇదివరకు ఎడం భుజం మీద ఉండేది. కుడి చేత్తో ఎగరేసి వేసుకునేవారు" అంది. టీ తాగేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె మేత లోడుకి కూడా లారీలో వెళ్ళడం మొదలుపెట్టిందని కూతురు నాతో విసుక్కుంది. ఈ వయసులో బస్తాల బండిలో ఎందుకమ్మా అంటే, రోడ్డు చూసొస్తానని చెప్పిందట. ఆమె చూసింది రోడ్డు కాదు. స్టీరింగు మీద చెయ్యి భుజం ఎత్తుకి లేవనక్కర్లేదు. గేరు ఎడం చేతిది. బండి నడపడంలో రత్నం గారికి ఏ ఇబ్బందీ లేదు. కుడి చెయ్యి పైకెత్తాలన్నా, వంగి లోతుకి చాపాలన్నా మాత్రం రాదు. ఎక్కడో బస్తాల మీద నుంచి జారిపడి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారని తర్వాతెప్పుడో తెలిసింది. చెబితే ఉద్యోగం పోతుందని ఆయన భయం. ఆయన భయపడ్డదాంట్లో తప్పులేదని గట్టు మీద ఆ వ్యాపారి మనిషి మాటలు విన్నవాళ్ళకి తెలుస్తుంది.

తర్వాతిసారి అత్తయ్య తాడేపల్లిగూడెం వచ్చినప్పుడు సంచిలో డీజిల్ వాసన లేదు. ఖాళీ సంచి. షాపుకి వెళ్ళి, "ఆ కరెంటు పంపు ఒకటి ఇవ్వండి" అంది.

షాపు ఆయన కూర్చున్నవాడు లేచాడు. "ఇన్నాళ్ళకి దారికొచ్చారండి అమ్మగారూ!"

"వచ్చానండి."

"నేను మొదట్నుంచీ చెబుతానే ఉన్నాను కదండీ?"

"చెబుతానే ఉన్నారండి. మీరే గెలిచారు."

బయటికొచ్చాక ఎందుకని అడిగాను. "గట్టు వాలురా అబ్బాయ్. పైపులో డీజిల్ వెనక్కి జారిపోతంది. ట్యాంకు దగ్గర నుంచి తోసేది ఉంటే జారదు" అంది. వాలు అప్పుడే కొత్తగా వచ్చిందేమీ కాదు.

గుండుగొలను దగ్గర హైవే పక్కన పాత లారీల పని బాగా తెలిసిన మెకానిక్కు ఉన్నాడు. పంపు బిగించడానికి లారీని అక్కడికి తెమ్మంది. నేను తాడేపల్లిగూడెం నుంచి ఆమెతో వెళ్ళాను. సంచిలోంచి డబ్బా బయటికి తీయగానే రత్నం గారి మొహం మారిపోయింది.

"ఇదేంటండి అమ్మగారూ? మీరే కదండీ ఇది చెప్పకుండా ఆగిపోద్దన్నది?"

"అన్నానండి."

"ఐసు నీళ్ళకి తుప్పు పడుద్దన్నారు."

"పడుద్దండి."

"మరెందుకండీ?"

"గట్టు వాలు కదండీ. డీజిల్ వెనక్కి జారతంది."

"జాయింట్లు బిగించి వాషర్లు మారిస్తే జారదండి! ఇన్నేళ్ళూ జారిందా?"

మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, "ఆయన చెప్పింది నిజవేనండి. ముందు వాషర్లు మార్చి చూద్దాం" అన్నాడు.

"వాషర్లూ మార్చండి. ఇదీ పెట్టండి."

రత్నం గారు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. ఎడం చేత్తోనే మళ్ళీ కుడి భుజం మీద వేసుకున్నారు. "నా పని నచ్చకపోతే చెప్పెయ్యండి అమ్మగారూ. బండికి కొత్త మిషన్లు తగిలించి చెప్పక్కర్లేదండి" అన్నారు. గొంతు పెద్దదైంది. పక్కన టైరు పంక్చరు వేస్తున్న మనిషి పని ఆపి చూశాడు.

అత్తయ్య గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"పని నచ్చకపోతే పంపు ఎందుకు మారుస్తానండీ? డ్రైవర్నే మారుస్తాను కదా."

ఆయన ఆమెవైపు చూశారు. ఆమె మెకానిక్కు వైపు తిరిగింది. ఆ సంగతి అంతటితో సరి. మళ్ళీ ఎప్పుడూ వాళ్ళిద్దరి మధ్య రాలేదు. రత్నం గారు వెళ్ళి లారీ కింద పరవడానికి గోనె తెచ్చారు.

పాత పంపుని దాని చోటనే ఉంచి, ఎలక్ట్రిక్‌ది అదనంగా పెడదామని మెకానిక్కు సలహా చెప్పాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. పాతదాని రబ్బరు పొర మళ్ళీ చిరిగితే కొత్తది వెనకనుంచి తోస్తూనే ఉంటుంది, డీజిలంతా ఆయిల్లోకే పోతుంది అంది. పాతది తీసేసి, ఆ చోట రేకు బిళ్ళ వేసి మూయించింది. తీసిన పంపుని మాత్రం పారేయలేదు. కొత్త రబ్బర్లు వేయించి, గోనెగుడ్డలో చుట్టి, సీటు కింద పెట్టించింది.

చాలామంది అది ఆమె చాదస్తమనుకున్నారు. షాపువాడు బుట్టలో వేశాడన్నారు. వ్యాపారి మనిషి గట్టు మీద కనబడినప్పుడల్లా, "అమ్మగారూ, బండికి ఏసీ ఎప్పుడు పెట్టిస్తన్నారు?" అనేవాడు. "మీరు ఐసు తగ్గించి వేస్తన్నారు కదండీ, అది మానేశాక" అనేది. బోనెట్ ఎత్తే అవసరం ఇక పెద్దగా లేదు. తాళం తిప్పితే వెనక ట్యాంకు దగ్గర సన్నగా మోత వినిపించేది. రత్నం గారు ఆ మోత కాసేపు విని, ఇంజను స్టార్టు చేసేవారు. కుర్రోడిని పంపమంటారా అని అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

ఆ పంపు ఆమె చెప్పినట్టే పాడైంది. ఒక వేసవిలో నేను చూడటానికి వెళితే, నన్ను కూడా లారీ ఎక్కించుకుంది. చేప లోడుతో వస్తుండగా కలిదిండి ఇంకా రాకముందే ఇంజను ఆగింది. తాళం తిప్పితే మోత లేదు. రత్నం గారు కిందికి వంగి చూసి, "తీగ తినేసిందండి. పచ్చగా అయిపోయింది" అన్నారు.

"ఐసు నీళ్ళేనా?"

"ఐసు నీళ్ళేనండి."

అత్తయ్య మొహంలో విసుగు లేదు. సంతోషం లాంటిదే కనిపించింది. "చెప్పినట్టే పాడైంది చూశారా" అంది. సీటు వెనక నుంచి డీజిల్ డబ్బా, పొడవాటి ప్లాస్టిక్ పైపు తీయించింది. అవి అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. డబ్బాని క్యాబిన్ పైన కట్టి, పైపుని ఫిల్టరుకి తగిలిస్తే డీజిల్ దానంతటదే దిగుతుంది; ఏ పంపూ అక్కర్లేదు. నెమ్మదిగా పోవచ్చు.

రత్నం గారు డబ్బా అందుకోబోయారు.

"మీరు కింద పైపు చూడండి, రత్నంగారూ. అది మీకే తెలుసు. అబ్బాయ్, నువ్వు పొడుగు కదా, పైకెక్కు."

నేను అంత పొడుగేమీ కాదు. ఎక్కి కట్టి, దిగి క్యాబిన్లో కూర్చున్నాను. కట్టిన తాడు ఊడకుండా ఒక చెయ్యి కిటికీలోంచి పైకి పెట్టి పట్టుకుని, యార్డు దాకా అలాగే వెళ్ళాం. డీజిల్ నా చొక్కా చేతి మీద కారింది. ఆమె ముందుకి చూస్తూ కూర్చుంది. చేప చెడలేదు. ఆ తర్వాత ఆ పంపుని ఐసు నీళ్ళు పడని వైపుకి మార్పించి, తీగల మీద సైకిలు ట్యూబు చుట్టించింది.

ఆమె జబ్బు గురించి రాయను. ముందుగా చెప్పే పోయింది. చూసుకోవడానికి మాకు టైమిచ్చింది. దానివల్ల ఏమీ తేలిక కాలేదు.

నేను వెళ్ళేసరికి లారీ ఆమె ఇంటి ముందు ఉంది. రత్నం గారు కడిగి ఉంచారు. కాసేపటికి ఆకివీడు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన కొనే మనిషి, చెరువుల రైతు. రెండోవాడు ఆయన తెచ్చుకున్న మెకానిక్కు. మెకానిక్కు టైర్లు తన్ని చూశాడు, ఆయిలు చూశాడు. వాసన చూడలేదు. కింద దూరి, లేచి, నవ్వాడు.

"ఈ పాత బండికి ఎలక్ట్రిక్ పంపేంటండి? ఎవరు పెట్టించారు?"

"మా అమ్మగారండి" అన్నారు రత్నం గారు.

"పీకేసి మెకానికల్ పెట్టేద్దామండి. ఈ ఇంజనుకి అదే కరెక్టు. పాతది ఉందా?"

ఉంది. రత్నం గారు సీటు కింద నుంచి గోనెగుడ్డ మూట తీసి, విప్పి, బోనెట్ మీద పెట్టారు. దాని మీద తుప్పు మచ్చ కూడా లేదు. మధ్యమధ్య ఆయిలు రాస్తూ ఉన్నారని తెలుస్తోంది. లేదని చెప్పి ఉండొచ్చు. ఆయన చెప్పలేదు. ఆ పంపు మళ్ళీ దాని చోటికి వెళ్ళిందంటే, మొదటి పట్టుబడి రోజునే గట్టు మీద అందరి ముందూ బోనెట్ ఎత్తి చెయ్యి లోపలికి పెట్టాలి.

రైతు నా వైపు తిరిగాడు. "మీరేమంటారండీ? ఏది ఉంచమంటారు?"

"నాకు తెలియదండి. ఏది ఎలా పాడవుతుందో రత్నం గారిని అడగండి" అన్నాను.

రత్నం గారు నన్ను ఒకసారి చూశారు. తర్వాత నిలబడి, తొందర లేకుండా చెప్పారు.

"పాతది చెప్పి పాడవుద్దండి. ఆయిలు పెరుగుద్ది. వాసన చూసే మనిషి ఉండాలండి. ఈ ఎలక్ట్రిక్‌ది చెప్పకుండా ఆగిపోద్ది. ఒకసారి ఆగిందండి, ఐసు నీళ్ళకి తీగ పోయింది. ఇప్పుడు వైపు మార్చాం, ట్యూబు చుట్టాం. మళ్ళీ ఆగితే డబ్బా, పైపు ఉన్నాయి. పైన కట్టుకుని వచ్చెయ్యొచ్చండి. ఎందుకు పెట్టించారంటే, గట్టు వాలండి. డీజిల్ వెనక్కి జారుద్ది."

"జాయింట్లు బిగిస్తే జారదు కదా?" అన్నాడు మెకానిక్కు.

"నిజవేనండి. నేనూ అప్పట్లో అదే అన్నాను."

"మరి?" అన్నాడు రైతు.

"అమ్మగారు ఒప్పుకోలేదండి."

"ఎందుకు ఒప్పుకోలేదు?"

రత్నం గారి తువ్వాలు కుడి భుజం మీద ఉంది. దాన్ని ఎడం చేత్తో సర్దుకున్నారు.

"వాలండి" అన్నారు.

రైతు మెకానిక్కు వైపు చూశాడు. మెకానిక్కు భుజాలు ఎగరేశాడు. "పనిచేస్తంది కదండీ. పాడైనప్పుడు చూద్దాం."

"మా గట్టు కూడా వాలేలెండి" అన్నాడు రైతు. "ఉన్నదాన్ని ఉండనివ్వండి. ఎక్కడ పాడవుద్దో ఎరిగిన మనిషి మీరే ఉన్నారు. సోమవారం మేత లోడుకి కైకలూరు తీసుకొచ్చెయ్యండి."

"ఆయ్, తెస్తానండి."

రైతు బోనెట్ మీదున్న పంపుని వేలితో తాకి చూశాడు. "మరి ఇది కూడా బండితో పాటేనా?"

"బండితో పాటేనండి" అన్నారు రత్నం గారు, గోనెగుడ్డ మళ్ళీ చుడుతూ. "డబ్బా, పైపు కూడానండి. ఆయిలు పుల్ల తుడుచుకునే గుడ్డ ఇదిగోండి, ఇక్కడ ఉంటది."